ఉందానగర్ దాకా వచ్చిన లోకల్ రైలు పాలమూరు దాకా రావాలంటే మనం ఏం అడగాలి?

పాలమూరు_ప్యాసింజర్ (మహబూబ్‌నగర్)

అందరికీ నమస్కారం. 2023 ఏప్రిల్ 8న సికింద్రాబాద్ పరేడ్ గ్రౌండ్‌లో ప్రధాని మన సికింద్రాబాద్–మహబూబ్‌నగర్ డబుల్ లైనును, కరెంటు లైనును జాతికి అంకితం చేశారు. 85 కిలోమీటర్ల పని, దాదాపు 1,410 కోట్ల ఖర్చు. అదే వేదిక మీద ఎంఎంటీఎస్‌కు, అంటే హైదరాబాద్ లోకల్ రైళ్ళకు, మరో 13 సర్వీసులు కూడా మొదలయ్యాయి. ఆ లోకల్ బండి ఫలక్‌నుమా దాటి ఉందానగర్ దాకా వచ్చి ఆగింది.

ఉందానగర్ తర్వాత తిమ్మాపూర్, షాద్‌నగర్, బూర్గుల, బాలానగర్, రాజాపూర్, గొల్లపల్లి, జడ్చర్ల, దివిటిపల్లి, ఆ తర్వాత మన ఊరు. అన్నిచోట్లా రెండు లైన్లున్నాయి, పైన కరెంటు తీగ ఉంది. ఇంతకుముందు ఏదడిగినా సింగిల్ లైన్ అనేవాళ్ళు. ఎక్స్‌ప్రెస్‌కు దారి ఇవ్వడానికి ప్యాసింజర్‌ను క్రాసింగ్‌లో నిలబెట్టేవాళ్ళు. మేమూ సరే అని ఓర్చుకున్నాం. ఇప్పుడు ఆ అడ్డం లేదు. కానీ పొద్దున ఆఫీసు టైముకు పట్నంలో దింపి, సాయంత్రం మళ్ళీ ఇంటికి చేర్చే బండ్లు మాత్రం అవసరానికి తగ్గట్టు లేవు.

నేను కోఠి దగ్గర పని చేస్తాను. ఇల్లు ఇక్కడే, అమ్మానాన్నలు ఇక్కడే. పట్నంలో అద్దె కట్టుకుంటూ ఇక్కడ ఇల్లు నడపడం నా జీతంతో అయ్యే పని కాదు. నాలాగా అప్ అండ్ డౌన్ చేసేవాళ్ళు ప్రతి స్టేషన్‌లోనూ ఉన్నారు. అందరం కలిసి ఒక వినతిపత్రం రాద్దాం. మీ స్టేషన్ ఏది, ఏ టైముకు ఎక్కడికి పోవాలి, మొట్టమొదట అడగాల్సింది ఏది? రాయండి.


షిఫ్ట్_బి (షాద్‌నగర్)

అన్నా, మంచి పని మొదలుపెట్టినవ్. కానీ అందరూ పట్నం పోయేవాళ్ళ లెక్కే తీస్తరు. నాది ఉల్టా. ఇల్లు షాద్‌నగర్, పని జడ్చర్ల దగ్గర పోలేపల్లి సెజ్‌ (ప్రత్యేక ఆర్థిక మండలి)లో ఒక మందుల కంపెనీ. అంటే నాకు జడ్చర్ల దిక్కు బండి కావాలె.

మా దగ్గర షిఫ్టు మారే టైములు పొద్దున 6, మధ్యాహ్నం 2, రాత్రి 10. పర్మనెంట్ వాళ్ళకు కంపెనీ బస్సు ఉంటది. కాంట్రాక్టు మీద చేసేవాళ్ళం హైవే మీద నిలబడి ఏది ఆపితే అది ఎక్కుతం. రాత్రి 10కి షిఫ్టు దిగినాక 44వ నంబరు హైవే మీద చెయ్యి ఊపుతూ నిలబడటం ఎంత ప్రమాదమో చెప్పనక్కర లేదు. లారీలు ఆగవు, ఆగిన కార్లు ఎక్కాలంటే భయం. మా లైన్‌లో ప్యాకింగ్ చేసే ఆడవాళ్ళు నలుగురైదుగురు కలిసి షేర్ ఆటో మాట్లాడుకుంటరు. ఆటో రాని రోజు వాళ్ళ ఇంట్లోవాళ్ళు బండి మీద వచ్చి తీసుకుపోవాలె.

జడ్చర్ల నుంచి రాత్రి పదిన్నర, పదకొండు మధ్య షాద్‌నగర్ దిక్కు అన్ని స్టేషన్లలో ఆగే బండి ఒక్కటి ఉంటే చాలు. వినతిపత్రంలో ఇది మొదటి లైన్‌లో రావాలని నా కోరిక.


పట్నంలో_పాలమూరోడు (హైదరాబాద్)

నా అభిప్రాయం వేరు. అడిగేటప్పుడు పెద్దగా అడగాలి. ఢిల్లీ–మీరట్ మధ్య నడిచే వేగం రైలు నమో భారత్ చూడండి. 82 కిలోమీటర్ల కారిడార్, గంటకు 160 కిలోమీటర్ల వేగం. 2023 అక్టోబరులో మొదటి భాగం మొదలైంది. హైదరాబాద్–మహబూబ్‌నగర్ దూరం దానికంటే కొంచెమే ఎక్కువ. శంషాబాద్ ఎయిర్‌పోర్టు, కొత్తూరు ఫ్యాక్టరీలు, షాద్‌నగర్, జడ్చర్ల సెజ్, దివిటిపల్లి ఐటీ టవర్ అన్నీ ఒకే వరసలో ఉన్నాయి. గంటలో పాలమూరు చేరే రైలు వస్తే నాలాంటివాళ్ళు ఈ రోజే పట్నం ఖాళీ చేసి ఇంటికొస్తారు.


మీటర్‌గేజ్_పెద్దాయన (గద్వాల)

నేను రైల్వేలో ట్రాఫిక్ వైపు పని చేసి రిటైర్ అయ్యాను. మీ ముగ్గురి మాటలూ చదివాను.

నమో భారత్ మంచి వ్యవస్థే. కానీ అది పాత లైను మీద నడిచే బండి కాదు. ఎత్తైన స్తంభాల మీద, సొరంగాల్లో పూర్తిగా కొత్తగా కట్టుకున్నది. దాని అంచనా 30,274 కోట్లు. మన డబుల్ లైనుకు అయింది 1,410 కోట్లు. ఆ తేడా మీరే చూసుకోండి. అడగొద్దని అనడం లేదు. అది మీ పిల్లల కాలానికి అడగండి. వచ్చే టైంటేబుల్‌కు అడగాల్సింది వేరే ఉంది.

ఇంకో మాట. చాలామంది "ఎంఎంటీఎస్ పొడిగించాలి" అని రాస్తున్నారు. ఎంఎంటీఎస్ అంటే రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే కలిసి ఖర్చు పెట్టే ప్రాజెక్టు. రెండో దశలో మూడింట రెండు వంతులు రాష్ట్రానివి, ఒక వంతు రైల్వేది. ఆ పేరుతో అడిగితే ముందు సర్వే, తర్వాత అంచనా, ఆపైన ఎవరి వాటా ఎంతన్న ఉత్తరాలు, ఆ తర్వాతే పని. ఘట్‌కేసర్ నుంచి యాదాద్రికి 33 కిలోమీటర్లు. అది 2016లోనే మంజూరైంది. వాటాల దగ్గరే ఎన్నేళ్ళు పోయాయో ఆ వైపు వాళ్ళను అడగండి.

మన దగ్గర లైను ఉంది, కరెంటు ఉంది. ఉన్న లైను మీద మెము బండి, అంటే ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్, వేయడానికి రాష్ట్రం వాటా అక్కర్లేదు. ఒక రేకు (ఒక బండికి సరిపడా పెట్టెల వరస), ఇద్దరు ముగ్గురు లోకో పైలట్లు, టైంటేబుల్‌లో చోటు ఉంటే సరిపోతుంది. అది రైల్వే తన చేతుల్లోనే తీసుకోగల నిర్ణయం.


షాద్‌నగర్_టీచరమ్మ

పెద్దాయన గారూ, మెముకీ ఎంఎంటీఎస్‌కీ ప్రయాణం చేసేవాళ్ళకు తేడా ఏముంటుంది? రెండూ కరెంటు బండ్లే కదా.


మీటర్‌గేజ్_పెద్దాయన

మంచి ప్రశ్న అమ్మా. పెద్ద తేడా ఉంది.

ఎంఎంటీఎస్‌లో నడిచేది ఈఎంయూ రేకు, అంటే నగరాల్లో తిరిగే కరెంటు లోకల్ బండి. తొందరగా వేగం అందుకుంటుంది, తొందరగా ఆగుతుంది. రెండు మూడు కిలోమీటర్లకు ఒక స్టేషన్ ఉండే ఊళ్ళకు సరిపోతుంది. దాని వాకిలి ఎత్తైన ప్లాట్‌ఫారానికి సమానంగా ఉంటుంది కాబట్టి దారిలో ఉన్న చిన్న స్టేషన్లన్నిటికీ ప్లాట్‌ఫారం ఎత్తు ఉండి తీరాలి. అందులో మరుగుదొడ్డి ఉండదు. నాంపల్లి నుంచి లింగంపల్లికి అది లేకపోయినా నడుస్తుంది. మహబూబ్‌నగర్ నుంచి కాచిగూడకు రెండు గంటల పైన కూర్చోవాలి. షుగర్ ఉన్నవాళ్ళు, గర్భిణులు, ముసలివాళ్ళు, చంటిపిల్లల తల్లులు ఎట్లా పోతారు?

కొత్త మెము రేకులకు మరుగుదొడ్డి ఉంటుంది, తక్కువ ఎత్తు ప్లాట్‌ఫారం మీద ఎక్కడానికి మెట్లుంటాయి. చివరి స్టేషన్‌లో ఇంజను మార్చే పని లేదు, రెండు వైపులా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది. కాచిగూడలో దిగిన జనం ప్లాట్‌ఫారం దాటేలోపే బండి మళ్ళీ తిరుగు ప్రయాణానికి తయారు. మన దూరానికి ఇదే సరైనది.

దూరం ఎక్కువని ఎవరైనా అంటే ముంబై చూపించండి. చర్చిగేట్ నుంచి డహాణు రోడ్డు 124 కిలోమీటర్లు. 2013 నుంచి లోకల్ అక్కడిదాకా పోతోంది. అంతకుముందు విరార్ దాటాక షటిల్, మెము బండ్లతోనే నడిపారు. ముందు అవి నడిచి జనం ఎక్కితేనే తర్వాత లోకల్ వచ్చింది.


బాలానగర్_తోట

నేను రైతును. సీతాఫలంలో "బాలానగర్" రకం అని దేశమంతా నర్సరీల్లో అమ్ముతారు. ఆ బాలానగర్ మాదే. దసరా దగ్గరపడే సరికి గుట్టల మీద, చెలకల గట్ల మీద కాయ కళ్ళు విచ్చుకోవడం మొదలవుతుంది. కళ్ళు విచ్చిన కాయ తెంపితే రెండు మూడు రోజుల్లో మాగుతుంది. అంటే తెల్లారి తెంపింది ఆ పొద్దుకే పట్నం చేరాలి. ఒక్క రోజు ఆగినా మెత్తబడి గంపలో అడుగు కాయలు పగులుతాయి.

మా ఊరి ఆడవాళ్ళు గంపలు తలకెత్తుకొని స్టేషన్‌కు పోయేది ఇందుకే. గంప అడుగున ఆకు పరిచి, కాయకూ కాయకూ మధ్య ఆకు పెట్టి సర్దుతారు. బస్సులో గంపకు చోటియ్యరు, ఇచ్చినా పైన ఇంకో మూట పెడతారు. ఆటో ట్రాలీ మాట్లాడితే కిరాయికే లాభం పోతుంది. ప్యాసింజర్‌లో గంపను కాళ్ళ దగ్గర పెట్టుకొని కూర్చోవచ్చు. బండి పొద్దెక్కి చేరితే అప్పటికి బేరం అయిపోతుంది, దళారి చెప్పిన రేటుకే దించుకోవాలి.

కాబట్టి నా మాట ఏంటంటే తెల్లవారుజామున 4, 5 గంటల మధ్య ఒక బండి పాలమూరు నుంచి కదలాలి. అందులో గంపలు, పాల క్యాన్లు పెట్టుకునే పెట్టె ఒకటి ఉండాలి. కూరగాయలు, పాలు, పూలు తెచ్చేవాళ్ళందరికీ పనికొస్తుంది.


పాలమూరు_ప్యాసింజర్

@బాలానగర్_తోట అన్నా, ఈ సంగతి నా లెక్కలో లేనే లేదు. తప్పకుండా రాద్దాం. 2024 ఫిబ్రవరిలో ప్యాసింజర్ బండ్ల కనీస చార్జీ మళ్ళీ 10 రూపాయలు అయింది కదా. కరోనా తర్వాత అవే బండ్లకు ఎక్స్‌ప్రెస్ పేరు పెట్టి 30 తీసుకున్నప్పుడు చాలామంది చిన్న వ్యాపారులు రైలు మానేశారు. చార్జీ తగ్గింది కానీ వాళ్ళందరూ మళ్ళీ రైలెక్కారా?


బాలానగర్_తోట

కొందరు వచ్చారు. అందరూ రాలేదు. ఒకసారి వేరే దారికి అలవాటు పడినవాళ్ళు బండి టైముకు వస్తుందన్న నమ్మకం కుదిరితేనే తిరిగొస్తారు. చార్జీ ఒక్కటే కాదు.


షాద్‌నగర్_టీచరమ్మ

నేను మరో వైపు నుంచి చెప్తాను. 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉచితం. మా స్కూల్లో ఆయమ్మలు, టీచర్లు చాలామంది దానివల్ల నెలకు చెప్పుకోదగ్గ డబ్బు మిగుల్చుకుంటున్నారు, నాకు సంతోషమే. కానీ రైలు వేయమని అడిగితే "మీకు బస్సు ఉచితమే కదా" అనే మాట వస్తుంది. దానికి జవాబు మన దగ్గర ఉండాలి.

నా జవాబు ఇది. పొద్దున షాద్‌నగర్ బస్టాండులో ఎక్స్‌ప్రెస్ బస్సు ఆగేసరికే నిండి ఉంటుంది, జడ్చర్ల, పాలమూరు నుంచే నిలబడి వస్తారు. ఆరాంఘర్ చేరేసరికి నడుము పోతుంది. శంషాబాద్ దగ్గర ట్రాఫిక్ పడితే ఎప్పుడు చేరతామో డ్రైవర్‌కే తెలియదు. బస్సు ఉచితమైనాక ఎక్కేవాళ్ళు పెరిగారు, ఆ మేరకు బస్సులు పెరగలేదు. ఒక మెము బండి పది పన్నెండు బస్సుల జనాన్ని మోస్తుంది. రైలు వస్తే బస్సులో మిగిలిన ఆడవాళ్ళకూ సీటు దొరుకుతుంది. ఒకదానికి ఇంకోటి పోటీ కాదు.

మెములో ఆడవాళ్ళ బోగీ కచ్చితంగా ఉండాలని, రాత్రి బండ్లలో రైల్వే పోలీసు ఒకరైనా ఎక్కాలని కూడా రాయండి. అది లేకపోతే షిఫ్ట్_బి తమ్ముడు చెప్పిన రాత్రి బండిలో ఆడవాళ్ళు ఎక్కరు.


డిగ్రీ_సెకండియర్ (రాజాపూర్)

అక్కా, అన్నలూ, నేను మహబూబ్‌నగర్‌లో డిగ్రీ చదువుతున్నాను. మా ఊరికి స్టేషన్ ఉంది కానీ కాలేజీ టైముకు కలిసే బండి లేదు. రాజాపూర్‌లో హైవే దాకా నడిచి బస్సు ఎక్కుతున్నాను. ఫస్ట్ అవర్ చాలాసార్లు పోతోంది, ఇంటర్నల్ మార్కులు తగ్గుతున్నాయి. రైలు పాస్ మాకు ఉచితమని ఎవరో అన్నారు. నిజమేనా?


మీటర్‌గేజ్_పెద్దాయన

నిజమే తల్లీ. ఇంటి దగ్గరి స్టేషన్ నుంచి కాలేజీ దగ్గరి స్టేషన్‌కు ఆడపిల్లలకు డిగ్రీ దాకా, మగపిల్లలకు పన్నెండో తరగతి దాకా సెకండ్ క్లాస్ నెల పాస్ ఉచితం. కాలేజీ నుంచి సర్టిఫికెట్ తీసుకొని బుకింగ్ కౌంటర్లో ఇవ్వాలి. చాలా కాలేజీల్లో ఈ సంగతి చెప్పేవాళ్ళే లేరు.

మామూలు పాస్ సంగతి కూడా చెప్తాను, ఎందుకంటే అది వినతిపత్రానికి బలం. 150 కిలోమీటర్ల దాకా నెల పాస్, మూడు నెలల పాస్ ఇస్తారు. మహబూబ్‌నగర్–కాచిగూడ ఆ హద్దులోనే ఉంది. పాస్ తీసుకున్నవాళ్ళు ఎందరో రైల్వే కంప్యూటర్‌లో లెక్క ఉంటుంది. టికెట్ లేకుండా ఎక్కేవాడు ఏ లెక్కలోనూ ఉండడు. ఒక స్టేషన్‌లో బండి ఆపాలా వద్దా అని చూసేటప్పుడు అధికారులు మొదట తీసే కాగితం అక్కడ అమ్ముడైన టికెట్లదే. రాజాపూర్, గొల్లపల్లి, బూర్గుల వాళ్ళు ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. ఒక స్టాప్ దూరమైనా సరే టికెట్ తీసుకొనే ఎక్కండి.


నల్లగొండ_బిడ్డ

పక్క జిల్లా నుంచి ఒక మాట. మీ లైనుకు డబుల్ పడింది. మాది ఇంకా సింగిల్ లైనుతోనే నెట్టుకొస్తున్నాం. గుంటూరు–బీబీనగర్ డబ్లింగ్‌కు కేంద్ర కేబినెట్ 2023 ఆగస్టులో ఒప్పుకుంది. 239 కిలోమీటర్లు, 2,853 కోట్లు. మీ మహబూబ్‌నగర్–డోన్ డబ్లింగ్ కూడా అదే రోజు ఒప్పుకున్నారు.

తిరుపతి వందే భారత్ నల్లగొండలో ఆగుతుంది, సంతోషం. కానీ నాగిరెడ్డిపల్లి, వలిగొండ, రామన్నపేట, చిట్యాల వాళ్ళకు వందే భారత్ ఏం చేస్తుంది? అది వాళ్ళ ముందునుంచే పోతుంది, వీళ్ళ ప్యాసింజర్ దానికి దారి ఇచ్చి లూప్‌లో (పక్క లైనులో) నిలబడుతుంది. రామన్నపేటలో చేనేత మగ్గాల మీద బతికే ఇళ్ళున్నాయి, చిట్యాల చుట్టూ ఫ్యాక్టరీలున్నాయి. వీళ్ళకు కావాల్సింది రోజూ ఒకే టైముకు వచ్చే ప్యాసింజర్.

మాకున్న ఇంకో తిప్పలు డివిజన్లది. బీబీనగర్ దాకా సికింద్రాబాద్ డివిజన్, పగిడిపల్లి దాటితే గుంటూరు డివిజన్ కింద నడిచిన లైను. బండి అడిగితే ఒకరు ఇంకొకరిని చూపించేవాళ్ళు. మీకు కాచిగూడ నుంచి పాలమూరు, గద్వాల అంతా హైదరాబాద్ డివిజనే. ఒక్క డీఆర్ఎం (డివిజన్ రైల్వే మేనేజర్) దగ్గర తేలే పని. అది మీ అదృష్టం, వాడుకోండి.


పట్నంలో_పాలమూరోడు

నల్లగొండ అన్న చెప్పింది విన్నాక నేను కొంచెం సర్దుకుంటున్నాను. నమో భారత్ సంగతి పక్కన పెడదాం. కానీ మెము కాచిగూడ దాకా వచ్చి ఏం లాభం? నా ఆఫీసు మాదాపూర్‌లో. కాచిగూడకు మెట్రో ఆనుకొని లేదు. అక్కడ దిగి మళ్ళీ ఆటో అంటే గంట పోతుంది.


పాలమూరు_ప్యాసింజర్

దానికి మలక్‌పేట ఉంది అన్నా. మలక్‌పేట రైల్వే స్టేషన్ నుంచి నడిచిపోయే దూరంలోనే ఎల్బీనగర్–మియాపూర్ మెట్రో స్టేషన్. అమీర్‌పేటలో మారితే హైటెక్ సిటీ. అంటే మన బండ్లన్నీ మలక్‌పేటలో రెండు నిమిషాలు ఆగాలి. ఖర్చు లేని కోరిక, లాభం మాత్రం చాలా ఎక్కువ. వినతిపత్రంలో ఇది రెండో పాయింటుగా పెడుతున్నాను.


మక్తల్_నుంచి

మమ్మల్ని మర్చిపోకండి. దేవరకద్ర–కృష్ణా లైను 1997లో మంజూరైన మహబూబ్‌నగర్–మునీరాబాద్ లైనులో భాగం. మా నాన్న తరం మొత్తం దాని కోసం ఎదురు చూసింది. చివరికి 2023 అక్టోబరు 1న జక్లేర్–కృష్ణా ముక్కను ప్రధాని ప్రారంభించారు, కాచిగూడ–రాయచూరు బండికి అదే రోజు జెండా ఊపారు. నారాయణపేట జిల్లాలో మా దిక్కు పల్లెలు రైలు మ్యాప్ మీదికి ఎక్కింది అప్పుడే.

మా దగ్గరి నుంచి జనం ముంబై, పూణె వలస పోయేది బస్సుల్లో. ఇప్పుడు పిల్లలు పట్నంలో పని దొరికితే వారం వారం ఇంటికి వచ్చిపోవాలనుకుంటున్నారు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం పొద్దున పోయే బండి కావాలి వాళ్ళకు. రోజువారీ జనం లెక్క వేరు, వారానికోసారి వచ్చేవాళ్ళ లెక్క వేరు. మెము పాలమూరుతో ఆగిపోకుండా శని, సోమవారాలైనా దేవరకద్ర మీదుగా మక్తల్ దాకా రావాలి.

కురుమూర్తి జాతర రోజుల్లో ఎలాగూ ప్రత్యేక బండి అడుగుతారు కదా, దాన్ని మన్యంకొండ, దేవరకద్ర, కౌకుంట్ల అన్నిచోట్లా ఆపేటట్టు చూడాలి.


షిఫ్ట్_బి

నాకు ఒక ఉపాయం తోచింది. అన్ని బండ్లూ కాచిగూడ దాకా ఎందుకు? ఉందానగర్ దాకా లోకల్ ఉన్నది కదా. మహబూబ్‌నగర్–ఉందానగర్ మధ్య షటిల్ తిప్పితే ఒకే రేకు రోజుకు ఎక్కువసార్లు తిరుగుతది. పట్నం పోయేవాళ్ళు ఉందానగర్‌లో లోకల్ ఎక్కుతరు. మాలాంటి ఫ్యాక్టరీ వాళ్ళకు అసలు పట్నం పని లేదు. కొత్తూరు, బాలానగర్, పోలేపల్లి, దివిటిపల్లి, అన్నీ మధ్యలోనే ఉన్నయి.


పాలమూరు_ప్యాసింజర్

తమ్ముడూ, షటిల్ మీకు బాగానే ఉంటుంది, మాకు మాత్రం దెబ్బ. షటిల్ ఐదు నిమిషాలు లేటైతే ఉందానగర్‌లో లోకల్ వెళ్ళిపోతుంది. అక్కడినుంచి ఆఫీసుకు ఎట్లా పోవాలన్న టెన్షన్ రోజూ పడలేం. పొద్దున సాయంత్రం పట్నం బండ్లు మాత్రం నేరుగా కాచిగూడ పోవాల్సిందే. దీనిలో నేను వెనక్కి తగ్గను.


మీటర్‌గేజ్_పెద్దాయన

ఇద్దరి మాటా సరైనదే, ఎందుకంటే ఇద్దరి టైములు వేరు. అసలు ఇరుకు ఎక్కడుందో చెప్తాను.

కాచిగూడ–ఫలక్‌నుమా మధ్య ఎంఎంటీఎస్ బండ్లు, దూరప్రాంతం ఎక్స్‌ప్రెస్‌లు, మన ప్యాసింజర్లు అన్నీ అవే రెండు లైన్ల మీద పోవాలి. పొద్దున 8 నుంచి 10 దాకా అక్కడ కొత్త బండికి చోటు దొరకడం కష్టం. ఆ టైములో ఒకటో రెండో నేరు బండ్లకు చోటు కోసం పట్టుబట్టాలి. మిగతా రోజంతా ఫలక్‌నుమా ఇవతల లైను ఖాళీగా ఉండే గంటలు చాలా ఉంటాయి. అక్కడ షటిల్ తిప్పుకోవచ్చు.

ఇంకొకటి సిగ్నళ్ళు. డబుల్ లైను పడగానే బండి వెనక బండి వదలొచ్చని చాలామంది అనుకుంటారు. మామూలు పద్ధతిలో ముందు పోయిన బండి తర్వాతి స్టేషన్ చేరిందాకా వెనక దాన్ని వదలరు. స్టేషన్ల మధ్య దూరం ఎనిమిది, పది కిలోమీటర్లుంటే వెనక బండి అంతసేపు ఆగాల్సిందే. ఆటోమేటిక్ సిగ్నళ్ళు పెడితే దారి మధ్యలో కూడా ముక్కలు ముక్కలుగా సిగ్నళ్ళుంటాయి, ఒకే దిక్కున రెండు మూడు బండ్లు వరసగా నడుస్తాయి. ఉందానగర్–జడ్చర్ల మధ్య ఆటోమేటిక్ సిగ్నలింగ్ కావాలని రాయండి. ఇది వచ్చే ఏడాది అయ్యే పని కాదు. అడగడం మాత్రం ఇప్పుడే మొదలుపెట్టాలి.

బండ్లు పెంచండి అనేటప్పుడు ఇంకోటి కూడా మరవకండి. ట్రాక్ మీద పనిచేసే గ్యాంగ్‌కు రోజూ లైన్ బ్లాక్ ఇవ్వాలి, అంటే కొన్ని గంటలు బండ్లు లేకుండా లైను వాళ్ళకు వదలాలి. 1956 సెప్టెంబరు 2న జడ్చర్ల–మహబూబ్‌నగర్ మధ్య వంతెన కూలి వందమందికి పైగా పోయారు. అప్పటి రైల్వే మంత్రి లాల్ బహదూర్ శాస్త్రి రాజీనామా ఇస్తే నెహ్రూ ఒప్పుకోలేదు. అదే ఏడాది నవంబరులో అరియలూరు ప్రమాదం జరిగాక ఇచ్చిన రాజీనామాను ఆమోదించారు. నేను ఉద్యోగంలో చేరినప్పుడు పాత గ్యాంగ్‌మేట్లు వానాకాలం రాగానే ప్రతి కల్వర్టు దగ్గర నీటి మట్టం రెండుసార్లు చూసేవాళ్ళు. ఎందుకంత జాగ్రత్త అంటే ఈ ప్రమాదం పేరే చెప్పేవాళ్ళు. నడుమ మధ్యాహ్నం రెండు మూడు గంటలు మనమే ఖాళీ వదిలేసి అడిగితే అధికారులు కూడా ఈ కాగితం రాసినవాళ్ళకు పని తెలుసనుకుంటారు.


షాద్‌నగర్_టీచరమ్మ

పెద్దాయన గారూ, మీలాంటివాళ్ళు మా షాద్‌నగర్‌కు వచ్చి ఒక సాయంత్రం అందరికీ ఈ సంగతులు చెప్తే బాగుంటుంది. మా ఇంట్లో భోజనం.


మీటర్‌గేజ్_పెద్దాయన

తప్పకుండా వస్తానమ్మా. కాచిగూడ స్టేషన్ కట్టింది 1916లో. మా గద్వాల లైను కూడా ఆ కాలపు నిజాం రైల్వేదే. మీటర్ గేజ్ మీద వెంకటాద్రి ఎక్స్‌ప్రెస్ పోయిన రోజులు నాకు తెలుసు. ఇప్పుడు కరెంటు బండి చూస్తున్నాను. ఈ లైను కోసం ఎక్కడికి పిలిచినా వస్తాను.


పాలమూరు_ప్యాసింజర్

ఇప్పటిదాకా వచ్చిన మాటలతో ముసాయిదా తయారు చేశాను. చదివి మార్పులు చెప్పండి.

హైదరాబాద్ డివిజన్ డీఆర్ఎం గారికి, నకలు మన ఎంపీ గారికి, డివిజన్ ప్రయాణికుల సలహా కమిటీకి. మహబూబ్‌నగర్ నుంచి తెల్లవారుజామున గంపలు, పాల క్యాన్ల పెట్టెతో ఒక మెము. పొద్దున ఆఫీసు టైముకు కాచిగూడ చేరే రెండు నేరు మెములు, సాయంత్రం 5:30 తర్వాత కాచిగూడ నుంచి తిరిగి వచ్చేవి రెండు. అన్నీ మలక్‌పేటలో ఆగాలి. పగటిపూట మహబూబ్‌నగర్–ఉందానగర్ షటిల్, షిఫ్టులు మారే టైములకు సరిపోయేలా. రాత్రి జడ్చర్ల నుంచి షాద్‌నగర్ దిక్కు చివరి బండి, ఆడవాళ్ళ బోగీ, రైల్వే పోలీసుతో. శని, సోమవారాలు మక్తల్ దాకా పొడిగింపు. దీర్ఘకాలంలో ఆటోమేటిక్ సిగ్నలింగ్.

ఎంఎంటీఎస్ అన్న మాట ఎక్కడా వాడలేదు. పెద్దాయన చెప్పిన కారణానికే.


పట్నంలో_పాలమూరోడు

ఎంఎంటీఎస్ మాట పూర్తిగా తీసేయడం నాకు నచ్చలేదు. మెము వచ్చాక "మీకు బండి ఇచ్చాం కదా" అని ఆ ఫైలు మూసేస్తే? షాద్‌నగర్ దాకా అయినా లోకల్ రావాలని రాష్ట్ర ప్రభుత్వానికి వేరే కాగితం పెట్టాలి. రైల్వేకు ఒకటి, రాష్ట్రానికి ఒకటి. రెండోది నేను రాస్తాను. ఉందానగర్ నుంచి షాద్‌నగర్‌కు ఎన్ని వెంచర్లు పడ్డాయో, జనం ఎంత పెరిగారో అందరం చూస్తున్నాం.


పాలమూరు_ప్యాసింజర్

సరే అన్నా, రెండు కాగితాలుగా విడదీద్దాం. అది మీరు రాయండి. ఇక అందరూ మీ మీ స్టేషన్ నుంచి సంతకాలు తీసుకోండి. సంతకం పక్కన పాస్ నంబరు ఉంటే ఇంకా మంచిది. స్టేషన్ల వారీగా అమ్ముడైన టికెట్ల లెక్క కోసం సమాచార హక్కు కింద దరఖాస్తు నేను వేస్తాను.


షిఫ్ట్_బి

పోలేపల్లి నుంచి సంతకాలు నావి. మూడు షిఫ్టుల గేటు దగ్గరా నిలబడి తీసుకుంట. రాత్రి బండి టైము 10:50 అని రాయి అన్నా. పదింటికి షిఫ్టు దిగి, గేటు దగ్గర చెకింగ్ అయి, ఆటోలో బాదేపల్లిలో ఉన్న జడ్చర్ల స్టేషన్‌కు వచ్చేసరికి అంత పడతది. పదిన్నర అని రాస్తే సగం మందికి అందదు.


బాలానగర్_తోట

బూర్గుల, గొల్లపల్లి సంతకాలు కూడా నేనే చూస్తాను. రెండు ఊళ్ళలో చుట్టాలున్నారు.


డిగ్రీ_సెకండియర్

మా కాలేజీలో రాజాపూర్, బాలానగర్, గొల్లపల్లి నుంచి వచ్చే అమ్మాయిల పేర్లు రాసుకున్నాను, ఉచిత పాస్ సంగతి కూడా చెప్పాను. ప్రిన్సిపాల్ గారు సర్టిఫికెట్లు ఇస్తామన్నారు. ముసాయిదాలో పట్నం దిక్కు పోయే బండ్ల టైములు ఉన్నాయి కానీ పొద్దున మహబూబ్‌నగర్ దిక్కు వచ్చే షటిల్ టైము రాయలేదు. 9:15 లోపు మహబూబ్‌నగర్ చేరాలని రాయండి అన్నా. స్టేషన్ నుంచి కాలేజీకి నడక ఉంది, 9:30కి అటెండెన్స్ తీసుకుంటారు. సాయంత్రం 4:30 తర్వాత ఏ టైమైనా మాకు పర్వాలేదు, చీకటి పడకముందు రాజాపూర్‌లో దిగితే చాలు.


పాలమూరు_ప్యాసింజర్

రాశాను చెల్లె. పొద్దున ఉందానగర్ నుంచి బయలుదేరి 9:15 లోపు మహబూబ్‌నగర్, తిరుగు బండి సాయంత్రం 4:45. దివిటిపల్లి ఐటీ టవర్‌లో చేసేవాళ్ళకు కూడా అదే బండి కలుస్తుంది. వాళ్ళెవరైనా ఇక్కడుంటే మీ ఆఫీసు టైము రాయండి, చివరి కాపీ టైపు చేయించే ముందు సరిచూస్తాను.